తెలిసే చేశారు కదా నాన్నా!

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రంలో 31 ఏళ్లుగా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఇంకో మూడేళ్లలో రిటైర్మెంట్. ఒక్కతే కూతురు. 20 ఏళ్లు. పర్యావరణ శాస్త్రం చదువుతోంది. రెండు నెలల కిందట ఓ రాత్రి భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది. ‘ఇంత తెలివైన మనిషి తానుండే ఇంటికి తానే నిప్పు పెట్టుకుంటాడా? తెలియక చేశారంటే సరేలే అనుకునేదాన్ని. తెలిసే చేశారు కదా నాన్నా!’ అంది. ‘ఆ బొగ్గు జీతంతోనే నువ్వు చదువుతున్నావు’ అని నేనూ అనేశాను. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. ఏం కావాలన్నా వాళ్లమ్మతో చెప్పిస్తుంది. నేనూ అంతే. నిద్ర పట్టడం లేదు. నా జీవితమంతా ఒక తప్పేనా? ఆ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలి?

జవాబు: ముందు ఆ జీతం మాట వెనక్కి తీసుకోండి. మిగతావన్నీ ఆ తర్వాత. ఆమె నిలదీసింది మీ సంపాదన గురించి కాదు. మీరేమో అప్పు పత్రం తీసి చూపించారు. పెంచిన ఖర్చు పిల్లల ముందు ఎప్పుడు లెక్కగట్టినా వాళ్లకు వినిపించేది ‘నోరు మూసుకో’ అనే. మీరు అలా అనదలచుకోలేదని తెలుసు. మనసు గాయపడినప్పుడు చేతికందింది విసిరేస్తాం. కానీ అది తనకు తగిలింది. ‘ఆ మాట అనకుండా ఉండాల్సింది, తప్పు నాది’ అనండి. దాని చివర ‘కానీ’ తగిలించకండి.

ఇక ఆమె ప్రశ్న. దాన్ని నేను వయసు ఆవేశంగా చూడను, మీరూ చూడొద్దు. మీకు నిద్ర పట్టకపోవడానికి కూతురు మాట్లాడకపోవడం ఒక్కటే కారణం కాదనీ, ఆ ప్రశ్న మీ లోపల కూడా ఎప్పట్నుంచో ఉందనీ ఉత్తరం చదువుతుంటే నాకు అనిపించింది. అందుకే దానికి కాస్త తీరిగ్గా జవాబు వెతుకుదాం.

‘తెలిసే చేశారు’ అన్న మాటలో నిజం ఉంది. యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది. కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికీ చాలాసేపు తీసుకుంది. గాలిలో ఈ వాయువు ఎక్కువగా ఉంటే భూమి మరింత వేడిగా ఉంటుందని ఆమె రాసింది. అది 1856. ఇంకో నలభై ఏళ్లకు, 1896లో, స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ ఈ వాయువు రెట్టింపైతే భూమి వేడి 5, 6 డిగ్రీలు పెరుగుతుందని చేత్తో లెక్క కట్టాడు. దాని గురించి ఆయన ఏమీ భయపడలేదు. అంత పెరగడానికి చాలా కాలం పడుతుందనీ, పెరిగినా చలి దేశాలకు మేలేననీ అనుకున్నాడు. లెక్క కట్టగలిగినవాడికి, ఆ లెక్క ఎవరి నెత్తిన పడుతుందో కనిపించలేదు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలతలు మొదలుపెట్టేనాటికి గాలిలో ప్రతి పది లక్షల భాగాల్లో ఈ వాయువు 315 దగ్గర ఉండేది. మీరు ఉద్యోగంలో చేరేనాటికి 360 దగ్గరికి వచ్చింది. ఇప్పుడు 420 దాటింది. ఆ చివరి పెరుగుదలంతా మీ సర్వీసు కాలంలోదే. మీ అమ్మాయి చదువుతున్నది ఈ అంకెలనే. ఆ అంకెల పక్కన నాన్న కనిపిస్తే ఆ పిల్ల మనసు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

అయితే ‘ఇంత తెలివి ఉండి కూడా’ అంటున్నప్పుడు ఆమె ఒకటి అనుకుంటోంది. తెలివి ఉంటే నష్టం ఆగాలి, ఆగలేదంటే అది దుర్మార్గమే అని. నేను అలా అనుకోను. తెలివి నష్టాన్ని ఆపకపోగా కప్పిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో దాదాపు 500 ఏళ్లపాటు కాడ్ చేపల వేట సాగింది. గత శతాబ్దం రెండో సగంలో పెద్ద ట్రాలర్లు, నీటి కింద చేపల గుంపు ఎక్కడుందో పసిగట్టే సోనార్ పరికరాలు వచ్చాయి. సముద్రంలో చేప తగ్గిపోతున్నా, మిగిలిన గుంపుల్ని ఆ పరికరాలు వెతికి పట్టిచ్చాయి. వలలు నిండుగానే వచ్చేవి. నిండు వలలు చూసి సముద్రమూ నిండుగానే ఉందని లెక్క వేశారు. ఒడ్డు దగ్గర చిన్న పడవల్లో వేటాడేవాళ్లు మాత్రం చేప తగ్గిందనీ, ఉన్నది కూడా చిన్నదైపోయిందనీ చెబుతూనే ఉన్నారు. 1992 జులైలో వేట ఆపేయాల్సి వచ్చింది. సుమారు 30 వేల మందికి బతుకుతెరువు పోయింది. నాటు వలలతోనే వేటాడి ఉంటే, ఖాళీ వల ఎప్పుడో చెప్పేసేది.

మీ పనిలోంచే ఒక ఉదాహరణ తీసుకుంటాను. బాయిలర్ ఒత్తిడి గీత దాటితే మీ కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. ఎంతటి బద్ధకస్తుడైనా లేచి పరిగెడతాడు. పొగగొట్టం దాటి పైకి వెళ్లిన దానికి మాత్రం మీ బల్ల మీద ఏ అలారమూ లేదు. అది మోగేది ఇంకో ఖండంలో, ఇంకో తరం ఇంట్లో. నిర్ణయం ఒకచోట, లాభం దాని పక్కనే, దెబ్బ మాత్రం ఎక్కడో. మనిషి మెదడు తన బల్ల మీద మోగిన అలారానికి అద్భుతంగా స్పందిస్తుంది. వేరే ఊళ్లో మోగే అలారాన్ని అంకెల్లో చదివి తెలుసుకోగలదు, కానీ ఆ అంకెకు కాళ్లు పరిగెత్తవు. తెలియడం వేరు, తగలడం వేరు. మీ అమ్మాయి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబులో ముఖ్యమైన భాగం ఇదే.

ఇది మొత్తం జవాబు కాదు. ఇక్కడితో ఆపితే ఎవరికీ బాధ్యత లేదన్నట్టు అవుతుంది, అది అబద్ధం. ఎందుకంటే అలారం తీగను కావాలని కత్తిరించినవాళ్లూ ఉన్నారు. 1921లో థామస్ మిడ్‌గ్లీ అనే ఇంజినీరు పెట్రోల్‌లో సీసం కలిపితే ఇంజిన్ కొట్టుకోకుండా సాఫీగా నడుస్తుందని కనిపెట్టాడు. సీసం విషమని అప్పటికే అందరికీ తెలుసు. 1924లో దాన్ని తయారుచేసే చోట కార్మికులు మతి చలించి, చనిపోయారు కూడా. ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు వద్దని గట్టిగా పోరాడింది. అయినా అమ్మారు. సీసం ఎంత ప్రమాదమో తేల్చే పరిశోధన దశాబ్దాలపాటు ఆ పరిశ్రమ ఇచ్చిన డబ్బుతోనే నడిచింది! భూమి వయసు ఎంతో కొలుస్తున్న క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్తకు తన ప్రయోగశాలలో ఏది ముట్టుకున్నా సీసమే తగిలింది. భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాక, ఆ సీసం ఎక్కడిదో వెతకడం మొదలుపెట్టాడు. అందులో చాలా భాగం మన వాహనాల పొగ నుంచే వచ్చిందని తేల్చి, 1965లో బయటపెట్టాడు. ఒత్తిళ్లు వచ్చినా ఆ మాట వదల్లేదు. ప్రపంచంలో రోడ్డు మీద తిరిగే వాహనాలకు సీసం కలిపిన పెట్రోల్ అమ్మడం ఆగింది 2021లో. అంటే వందేళ్లు.

అదే మిడ్‌గ్లీ, 1920ల చివర్లో, ఫ్రిజ్‌ల కోసం ఇంకో రసాయనం తయారుచేశాడు. అప్పటిదాకా ఫ్రిజ్‌లలో వాడుతున్న వాయువులు కారితే మనుషులు చచ్చిపోయేవారు. ఇది మండదు, విషం కాదు. ప్రాణాలు కాపాడే ఆవిష్కరణ అనే అనుకున్నారు, ఆ రోజుకు అది నిజమే. 1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ రసాయనాలు ఆకాశంలో, ఎండలోని హానికర కిరణాల్ని అడ్డుకునే ఓజోన్ పొరను తినేస్తాయని చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు చూపించారు. 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. తర్వాత ఐక్యరాజ్యసమితిలోని దేశాలన్నీ దాన్ని ఆమోదించాయి. ఇప్పుడు ఆ పొర నెమ్మదిగా కోలుకుంటోంది.

మనుషులు అదే రకం మనుషులు. ఒకచోట వందేళ్లు, ఇంకోచోట హెచ్చరిక నుంచి ఒప్పందం దాకా పదమూడేళ్లు. ఈ తేడా దగ్గర మీ అమ్మాయితో కూర్చుని మాట్లాడమంటాను. ఓజోన్ విషయంలో తయారుచేసేవాళ్లు కొద్దిమంది. బదులుగా వాడటానికి వేరే రసాయనాలు దొరికాయి. చర్మ క్యాన్సర్ అన్న మాట ప్రతి ఇంటికీ అర్థమైంది. బొగ్గు, చమురు అలా కాదు, ప్రతి పనిలోనూ అల్లుకుపోయి ఉన్నాయి. కష్టం ఎక్కువ, అందుకే ఆలస్యం ఎక్కువ. అయినా ‘మనిషి’ అని ఒక్కడెవరూ లేడని ఈ రెండు కథలూ చెబుతున్నాయి. అమ్మినవాడు ఒకడు, వద్దని అరిచిందొకరు, తెలియక పీల్చినవాళ్లు కోట్లమంది. ఈ రోజుకీ ప్రపంచంలోని పొగలో దాదాపు సగం, సంపన్నులైన పది శాతం మంది బతుకుల్లోంచే వస్తోంది. ‘మనిషే ఇంత’ అనేస్తే వీళ్లందరూ ఒకే బోనులో నిలబడతారు, అసలు అడగాల్సినవాళ్లు తప్పించుకుంటారు. మీ అమ్మాయికి ఈ మాట నచ్చుతుందనే అనుకుంటున్నాను. తన కోపాన్ని తగ్గించుకోమని చెప్పడం లేదు కదా, ఎటు తిప్పాలో చెబుతోంది.

మీ ఇంటికి పనికొచ్చే ఇంకొకరి సంగతి. ఎలినార్ ఓస్ట్రమ్ అనే పరిశోధకురాలికి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఉమ్మడి అడవుల్ని, నీళ్లని, పచ్చిక బయళ్లని పాడుచేసుకోకుండా తరతరాలు కాపాడుకున్న సమాజాల్ని ఆమె ఏళ్ల తరబడి పరిశీలించింది. స్విట్జర్లాండ్ కొండల్లో, జపాన్ పల్లెల్లో, స్పెయిన్ కాలువల మీద ఆమెకు కొన్ని పోలికలు కనిపించాయి. నియమాలు వాడుకునేవాళ్లే పెట్టుకుంటారు. ఒకరినొకరు గమనించుకుంటారు. గొడవ వస్తే తేల్చుకోవడానికి దగ్గర్లోనే ఒక చోటు ఉంటుంది. మొదటిసారి తప్పు చేసినవాడికి చిన్న శిక్షే వేస్తారు, మళ్లీ మళ్లీ చేస్తే పెంచుతారు. మొదటిసారే వెలివేస్తే వాడిక ఉమ్మడిని కాపాడటానికి తిరిగి రాడు.

మీ ఇంట్లో మొదటి విచారణలోనే మీకు యావజ్జీవం పడింది. తేల్చుకునే చోటు లేదు, మధ్యలో మీ భార్య కబురు మోస్తున్నారు. దయచేసి ఆమెను ఆ పనిలోంచి తప్పించండి. ఇద్దరి కోపమూ ఆమె గుండె మీదుగా నడుస్తోంది, ఆ నొప్పి గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

‘నా జీవితమంతా తప్పేనా’ అన్నారు. కాదు. మీరిచ్చిన కరెంటుతో ఆసుపత్రుల్లో ఆపరేషన్లు జరిగాయి, పిల్లలు రాత్రిళ్లు చదువుకున్నారు. అదే చిమ్నీలోంచి పొగ వచ్చింది, బూడిద వచ్చింది. రెండూ నిజాలే, ఒకదాన్ని అడ్డుపెట్టి ఇంకోదాన్ని దాచలేం. మీరు ఆ వ్యవస్థను నిర్మించలేదు, కానీ దాంట్లో ఉన్నారు. వాతావరణం సంగతి మీకు మొదటిసారి నిజంగా అర్థమైంది ఏ సంవత్సరంలో? ఆ రోజు ఏమనుకున్నారు? ఎవరితోనైనా అన్నారా? అనకపోతే ఎందుకు? ఉద్యోగం పోతుందనా, ఒక్కడివల్ల ఏమవుతుందనా, లేక ఆలోచించడమే మానేశారా? ఇవి కాగితం మీద రాసుకోండి, నాకు పంపనక్కర్లేదు. ఇవి మీ అమ్మాయికి చెప్పాల్సినవి. ‘అప్పుడు భయమేసింది’ అని తండ్రి ఒప్పుకుంటే పిల్లల దృష్టిలో చిన్నబోడు. మీ కూతురు చదివే ఏ పాఠంలోనూ ఆ కంట్రోల్ రూమ్ లోపలి నిజం దొరకదు.

ఇంకా మూడేళ్లు ఉన్నాయి మీకు. బొగ్గు యూనిట్లను మూసేయడం స్విచ్ ఆపినంత తేలిక కాదని మీకు నాకంటే బాగా తెలుసు. గ్రిడ్‌ను నిలకడగా ఉంచాలి. కొన్ని దేశాల్లో మూసేసిన కేంద్రంలోని జనరేటర్‌నే వోల్టేజీ నిలబెట్టే యంత్రంగా మార్చి వాడుకున్నారు, అక్కడి లైన్లకే బ్యాటరీలు కలిపారు. ఈ మార్పుకు పుస్తకాలు చదివినవాళ్లు చాలరు, 31 ఏళ్లు ఆ యంత్రాల పక్కన నిలబడినవాళ్లు కావాలి. ఆ పనిలో మీ పాత్ర ఏమిటో వెతకండి. కూతుర్ని మెప్పించడానికి మాత్రం చేయకండి, ఆమె ఇట్టే పసిగట్టేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈ రెండు నెలల్లో ఆమె తిండి, నిద్ర ఎలా ఉన్నాయో గమనించారా? స్నేహితులతో కలుస్తోందా, గదిలోనే ఉండిపోతోందా? భూమి గురించిన దిగులు జబ్బు కాదు, అది ప్రేమే. కానీ ‘ఇక దేనికీ అర్థం లేదు, బతికి ఏం లాభం’ అన్న ధోరణి వినిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మీ నిద్ర సంగతి కూడా వాళ్లతోనే చెప్పండి.

ఈ ఉత్తరం చదివాక వాళ్లమ్మతో కబురు పంపకండి. మీరే వెళ్లి తలుపు తట్టండి. ముందు ఆ క్షమాపణ. తర్వాత, ‘నువ్వడిగినదానికి నా దగ్గర సగం జవాబే ఉంది, వింటావా’ అనండి. ఇప్పుడు వద్దంటే, ‘సరే, రేపు మళ్లీ అడుగుతాను’ అని వచ్చేయండి. రేపు నిజంగానే అడగండి.