టెస్టులు రాయకపోతే సరిగ్గా చూడనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, వారం నుంచి జలుబు, దగ్గు తగ్గట్లేదని మా ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్తే స్టెత్ పెట్టి విని, గొంతు చూసి, నాలుగు ప్రశ్నలడిగి యాంటీబయాటిక్ అక్కర్లేదని పంపేశారు. ఒక్క టెస్టూ రాయలేదు. అసలు మీ డాక్టర్లు మంచి వైద్యం అని దేన్నంటారు?

జవాబు: మీరు రాసిందాన్ని బట్టి ఆయన సరిగ్గానే చూశారు. ఇలాంటి జలుబు, దగ్గు ఎక్కువగా వైరస్ వల్ల వస్తాయి, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, దగ్గు పూర్తిగా పోవడానికి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గకపోయినా, కఫంలో రక్తం కనిపించినా మాత్రం వెంటనే మళ్లీ వెళ్లండి. మందు రాసిచ్చేయడం ఒక్క నిమిషం పని, ఎందుకు వద్దో అర్థమయ్యేలా చెప్పడానికే టైమ్ కావాలి.

నన్నడిగితే మంచి వైద్యానికి మొదట కావలసింది ఆ టైమే. 67 దేశాల లెక్కలు తీసి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. స్వీడన్‌లో డాక్టరు ఒక్కో పేషెంటుతో సగటున 22 నిమిషాలకు పైగా గడుపుతుంటే, ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఉన్న 18 దేశాల్లో అది ఐదు నిమిషాలు, లేదా ఇంకా తక్కువ. ఆ ఐదు నిమిషాల్లో ఏం పోతుందో రోజూ చూస్తుంటాం. బీపీ మాత్రలకని వచ్చినాయన చీటీ తీసుకుని, లేచి, తలుపు మీద చెయ్యి వేశాక వెనక్కి తిరిగి "మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందండీ" అంటాడు. అసలు జబ్బు అదే! బయట ఇరవై మంది ఉన్నారని ఆ మాట వినకుండా వదిలేస్తే, బీపీ ఎంత చక్కగా చూసినా ఏం లాభం?

రెండోది, ఎప్పుడూ చూసే డాక్టరే చూడడం. నార్వేలో ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా చూపించుకుంటున్నవాళ్లలో, ఏడాదిగా మాత్రమే చూపించుకుంటున్నవాళ్లతో పోలిస్తే మరణాలు దాదాపు 25 శాతం తక్కువగా కనిపించాయి. అదంతా డాక్టరు వల్లే అనలేం గానీ, తెలిసిన మనిషి అయితే మొహం చూడగానే తేడా పట్టేస్తాం, అది నాకు అనుభవమే.

మాకు బాధ కలిగించేది ఏంటంటే, పైవాళ్లు లెక్కపెట్టేది ఇవి కాదు. బ్రిటన్‌లో 2004లో బీపీ, షుగర్ లాంటి వాటి లెక్కల్ని బట్టి ఫ్యామిలీ డాక్టర్లకు అదనంగా డబ్బిచ్చే పద్ధతి పెట్టారు. ఆ వైద్యం కొంత మెరుగుపడిన మాట నిజమే, కానీ పేషెంటుకి తన డాక్టరే దొరకడం ఆ తర్వాత తగ్గింది.

ప్రశ్న: అమ్మ ముగ్గురు స్పెషలిస్టుల మందులు వాడుతోంది. మళ్లీ ఫ్యామిలీ డాక్టర్ కూడా అవసరమా?

జవాబు: అవసరమండీ, ఇంకా ఎక్కువ అవసరం. ఇలాంటివాళ్ల మందుల సంచీ బల్ల మీద బోర్లిస్తే రెండు వేరు వేరు పేర్లతో డైక్లోఫెనాక్ అనే ఒకే నొప్పి మందు బయటపడుతుంటుంది, మోకాళ్లకని ఒకరు, నడుముకని ఇంకొకరు రాసింది. రెండూ మింగుతూ పోతే కిడ్నీలకి ముప్పు, కడుపులో పుండ్లు పడొచ్చు. ఈసారి వెళ్లేటప్పుడు చీటీలతో పాటు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, షాపులో అడిగి కొన్నవి కూడా, సంచీతో సహా తీసుకెళ్లండి. చూసేదాకా దేన్నీ మీ అంతట మీరు ఆపేయొద్దు.