హోమ్‌స్టేలో మరిచిపోయిన బాకీ.. వాట్సాప్‌లో వచ్చిన క్యూఆర్‌కి కట్టవచ్చా?

ప్రశ్న: 2025 దసరా సెలవుల్లో అనంతపురం నుంచి కారులో కొడగు వెళ్లాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా మరిది. మడికేరి దగ్గర ఒక హోమ్‌స్టేలో మూడు రాత్రులు ఉన్నాం. రోజుకు 3,200 చొప్పున గది అద్దె బుకింగ్ యాప్‌లో ముందే కట్టేశాం. రాత్రి భోజనాలు, అదనపు పరుపు, అక్కడ కొన్న కాఫీ పొడి, మిరియాల డబ్బులు బయలుదేరేటప్పుడు ఇవ్వాలి. తెల్లవారుజామున బయలుదేరే హడావిడిలో మా ఆయన ఇచ్చారని నేను, మరిది ఇచ్చాడని ఆయన అనుకున్నాం. ఇప్పుడు ఏదో కొత్త నంబరు నుంచి వాట్సాప్ వచ్చింది. డీపీలో ఆ హోమ్‌స్టే ఫొటోనే ఉంది. మేం ఉన్న తేదీలు, గది నంబరు సరిగ్గా చెప్పారు. అసలు 9,400, జీఎస్టీ 18 శాతం 1,692, ఆలస్య రుసుము 1,500, మొత్తం 12,592 రూపాయలట. సాయంత్రంలోగా క్యూఆర్ స్కాన్ చేసి కట్టకపోతే మా ఆధార్ కాపీతో పోలీసులకు ఫిర్యాదు చేస్తామంటున్నారు. ఎగ్గొట్టే ఉద్దేశం మాకు లేదు. కానీ మోసమేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ సాయంత్రం గడువును పక్కన పెట్టండి. ఇన్నాళ్లు అడగని బాకీ ఇంకో రెండు రోజులు ఆగితే కొంపేం మునగదు. గది అద్దెకైనా, తిన్న భోజనానికైనా యజమాని కోర్టులో దావా వేసుకోవడానికి లిమిటేషన్ చట్టం మూడేళ్ల గడువు ఇచ్చింది. నిదానంగా తేల్చుకునే వ్యవధి మీకుంది. ఆ క్యూఆర్‌ను మాత్రం స్కాన్ చేయొద్దు.

బాకీ నిజమా కాదా అన్నది ఒక లెక్క. అడుగుతున్నవాడికి ఆ డబ్బు తీసుకునే హక్కుందా అన్నది వేరే లెక్క. మీ ఉత్తరం చదివితే మొదటిది దాదాపు తేలిపోయింది, దాంతో రెండోది కూడా తేలినట్టే మీకు అనిపిస్తోంది. మోసగాడికి కావలసింది సరిగ్గా అదే. తేదీలు, గది నంబరు తెలిసినంత మాత్రాన అతను హోమ్‌స్టే మనిషి కాడు. అక్కడి రిజిస్టరు, బుకింగ్ యాప్‌లో యజమాని లాగిన్.. ఈ రెండింటిలో ఏది పరాయివాళ్ల చేతికి చిక్కినా ఇలాంటి వివరాలు బయటపడతాయి. యజమానుల లాగిన్లు కొట్టేసి, అసలు బుకింగ్ వివరాలతోనే అతిథులకు సందేశాలు పంపి డబ్బు లాగే మోసం చాలా దేశాల్లో నడుస్తోంది. అక్కడ పని మానేసిన కుర్రాడు కూడా ఇలా పంపగలడు. అలాగని ఇది మోసమేనని నేను తీర్పు చెప్పడం లేదు. చిన్న హోమ్‌స్టేల్లో ఫోన్ నంబర్లు మారుతుంటాయి, లెక్కల పుస్తకం తిరగేసినప్పుడే పాత బాకీలు బయటపడుతుంటాయి.

మొదటి పని ఇంట్లోనే ఉంది. బయలుదేరిన రోజు, దాని ముందు రోజు, తర్వాతి వారం రోజుల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముగ్గురివీ తీయండి, మీ మరిదిది కూడా. యూపీఐ యాప్‌లో హిస్టరీ ఒక్కటీ చూసి వదిలేయొద్దు, స్టేట్‌మెంటే ప్రమాణం. కొండల్లో సిగ్నల్ సరిగా ఉండదు, కట్టబోతే 'పెండింగ్' అని ఆగిపోయి ఉండవచ్చు. ఖాతాలో డబ్బు కోత పడి అవతల జమ కాకపోతే, ఆర్బీఐ 2019 సెప్టెంబరులో పెట్టిన నిబంధన ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపిన సొమ్ము మరుసటి రోజుకల్లా, దుకాణం క్యూఆర్‌కి కట్టిన సొమ్ము ఐదు రోజుల్లోగా తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం. కోత ఉండి, తిరిగి జమ కాకుంటే బహుశా మీరు కట్టేసినట్టే. ఆ లావాదేవీకి యూటీఆర్ అనే 12 అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది, దాన్ని రాసి పెట్టుకోండి.

స్టేట్‌మెంట్లలో ఏమీ లేకపోతే బాకీ ఉన్నట్టే అనుకుని, యజమానిని మీ దారిలో మీరే పట్టుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన నంబరుకు ఫోన్ చేసి 'మీరు ఫలానా హోమ్‌స్టేనా' అంటే 'అవునండీ' అనక ఏమంటాడు? గూగుల్‌లో వెతికి దొరికిన నంబరునూ నమ్మొద్దు, మ్యాప్‌లో నంబరు మార్చమని ఎవరైనా సూచన పెట్టవచ్చు. మీ దగ్గర అంతకంటే గట్టి ఆధారాలు ఉన్నాయి. వెళ్లిన రోజు దారి అడగడానికి ఎవరికో ఫోన్ చేసే ఉంటారు, లొకేషన్ పంపమని వాట్సాప్ పెట్టే ఉంటారు. ఆ నంబరు వెతకండి, మీ ఫోన్‌లో లేకపోతే కారు నడిపిన వాళ్ల ఫోన్‌లో ఉంటుంది. రెండోది, బుకింగ్ ఖరారైనప్పుడు వచ్చిన ఈమెయిల్ వోచరులోని నంబరు. ఈ రెండూ ఒకటే అయితే మంచిది. రెండింటికీ ఎవరూ ఎత్తకపోతే, బుకింగ్ యాప్ తెరిచి, మీ పాత బుకింగ్‌లోని హెల్ప్ ద్వారా 'హోస్ట్ (యజమాని) పేరుతో యాప్ వెలుపల డబ్బు అడుగుతున్నారు, నిజమో కాదో చెప్పండి' అని రాయండి. ఆ మాట పడితే చాలా యాప్‌లు వెంటనే స్పందిస్తాయి, ఎందుకంటే లాగిన్ పోయిందేమోనన్న అనుమానం వాళ్లకూ ఉంటుంది.

ఫోన్ కలిశాక మొత్తం ఎంతో మీరు చెప్పొద్దు. వాళ్లనే చెప్పనివ్వండి. రిజిస్టరులో ఉండే పేర్లూ తేదీలూ అడగడం దండగ. ఏ రాత్రి ఎంతమంది తిన్నారు, పరుపు ఎవరి కోసం వేయించారు, కాఫీ పొడి ఎన్ని ప్యాకెట్లు, ఎవరి చేతికిచ్చారు అని అడగండి. అక్కడ ఉన్నవాళ్లకు ఇవి గుర్తుంటాయి, లేదా పుస్తకంలో ఉంటాయి. తర్వాత, ఆ కొత్త నంబరు మీదేనా అని సూటిగా అడగండి. కాదంటే ఆ నంబరు సంగతి వాళ్లకూ తెలియాలి, వాళ్ల మిగతా అతిథులకు కూడా అదే సందేశం వెళ్తూ ఉండవచ్చు.

ఇక లెక్క. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చూడాలి. 9,400 ఎలా వచ్చిందో విడివిడిగా రాసిన బిల్లు అడగండి. అదనపు పరుపు రాత్రికి 800 చొప్పున మూడు రాత్రులకు 2,400, భోజనం మనిషికి 400 చొప్పున ఐదుగురికి మూడు పూటలు 6,000, కాఫీ పొడి, మిరియాలు 1,000 అయితే సరిగ్గా 9,400 అవుతుంది. మీకు చెప్పిన రేట్లు ఇవేనా చూసుకోండి. దాని మీద మొత్తానికి గంపగుత్తగా 18 శాతం జీఎస్టీ వేయడం మాత్రం తప్పు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమున్న హోమ్‌స్టేకి జీఎస్టీ నమోదు అక్కర్లేదు, నమోదు లేనివాళ్లు మీ దగ్గర ఒక్క రూపాయి జీఎస్టీ కూడా వసూలు చేయకూడదు. నమోదు ఉంటే, రోజుకు 7,500 లోపు అద్దె ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే, పరుపు కూడా గదితో పాటే. అలాంటి చోట భోజనానికీ 5 శాతమే. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటే పన్ను అందులోనే కలిసి ఉంటుంది. ఆ లెక్కన పరుపుకి 120, భోజనాలకి 300, మొత్తం 420. అంటే గరిష్ఠంగా మీరు కట్టాల్సింది 9,820. ఆలస్య రుసుము బుకింగ్ నిబంధనల్లో లేకపోతే అది కట్టనక్కర్లేదు. యజమాని మంచివాడై, మీరు ఆలస్యం చేశామని మొహమాటపడితే ఇవ్వడం మీ ఇష్టం, బాకీ మాత్రం కాదు.

జీఎస్టీ వేశారంటే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. కర్ణాటక వ్యాపారమైతే అది 29తో మొదలవుతుంది, మన ఆంధ్రప్రదేశ్‌కి 37. ఆ రెండు అంకెల తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్. జీఎస్టీ పోర్టల్‌లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' అనే చోట ఆ నంబరు కొడితే లాగిన్ లేకుండానే చట్టబద్ధమైన పేరు, వ్యాపార పేరు, నమోదు అమల్లో ఉందా రద్దయిందా కనిపిస్తాయి. వ్యాపార పేరు హోమ్‌స్టేది, చట్టబద్ధమైన పేరు ఒక మనిషిది అయితే కంగారు పడకండి. ఒకరి సొంత వ్యాపారానికి అలాగే ఉంటుంది. మీరు చెల్లించే ఖాతా పేరు ఆ మనిషి పేరుతో కలవాలి, అది ముఖ్యం. కొడగులో హోమ్‌స్టేలు చాలావరకు ఇళ్లే. ఖాతా భర్త పేరునో భార్య పేరునో ఉంటుంది. కాబట్టి క్యూఆర్‌లో వ్యక్తి పేరు కనబడడం ఒక్కటే మోసానికి గుర్తు కాదు. అలాగే క్యూఆర్ మీద హోమ్‌స్టే పేరు ముద్రించి ఉండడం నిజాయితీకి గుర్తూ కాదు.

డబ్బు పంపేటప్పుడు తెర మీద కనబడే పేరు చదవండి. యూపీఐ యాప్‌లు 2025 జూన్ 30 నుంచి బ్యాంకులో నమోదైన అసలు పేరునే చూపించాలి. ఒక రూపాయి పంపి చూడమని చాలామంది సలహా ఇస్తారు. మంచిదే, కానీ అది సగమే. ఆ రూపాయి ఎవరో ఒకరికి చేరిందని తెలుస్తుంది తప్ప, మీ యజమానికే చేరిందని తెలియదు. రూపాయి పంపాక పాత నంబరుకే ఫోన్ చేసి, వచ్చిన లావాదేవీ యూటీఆర్‌లో చివరి నాలుగు అంకెలు చదవమనండి. మీ ఫోన్‌లోని అంకెలతో కలిస్తే మిగతాది పంపండి. యూపీఐ మీద అనుమానం ఉంటే మీ బ్యాంకు బ్రాంచి నుంచి నెఫ్ట్ చేయండి, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇస్తే పంపే ముందే పేరు చూసుకునే సదుపాయం అందులోనూ వచ్చింది. ఇంకా పాత పద్ధతి కావాలంటే యజమాని పేరున డీడీ తీసి వోచరులో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్ట్‌లో పంపవచ్చు. ఇరవై వేలు, ఆపైన ఉన్న డీడీలకు బ్యాంకు తప్పనిసరిగా 'అకౌంట్ పేయీ' గీత (ఆ పేరున్నవారి ఖాతాలోనే జమయ్యేలా) వేస్తుంది, మీది అంతకంటే తక్కువ కాబట్టి గీత వేయమని మీరే అడగాలి. క్రెడిట్ కార్డు వాడితే వచ్చే బిల్లులో పూర్తిగా కట్టేయండి, మిగిల్చితే నెలకు మూడు శాతం పైన పడే వడ్డీ ఆ కాఫీ పొడిని మరీ ఖరీదు చేస్తుంది.

కట్టిన రోజే పాత నంబరు నుంచి ఒక మెసేజ్ తెప్పించుకోండి: 'ఫలానా తేదీల బసకు సంబంధించి 9,820 అందింది, ఇక బాకీ లేదు', బిల్లు నంబరుతో సహా. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు బోలెడున్నాయని ఇప్పుడు దుకాణదారులందరికీ తెలుసు.

పోలీసుల మాట. మరిచిపోయిన బిల్లు సివిల్ బాకీ. మోసం కేసు నిలబడాలంటే మొదటి నుంచే ఎగ్గొట్టే దురుద్దేశం ఉందని చూపించాలి, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ సారాంశం అదే. మీ ఊరు, ఫోన్ నంబరు, ఆధార్ అన్నీ వాళ్ల దగ్గర పెట్టి వచ్చినవాళ్లను ఆ కేసులో ఇరికించడం అంత తేలిక కాదు. అయినా ఆ కొత్త నంబరుకు ఒక్క జవాబు ఇవ్వండి, అది మీ సదుద్దేశానికి రుజువుగా ఉంటుంది: 'మీ బిల్లు విడివిడి లెక్కతో బుకింగ్ యాప్ ద్వారా గానీ, వోచరులోని ఈమెయిల్ నుంచి గానీ పంపండి. సరిచూసుకుని రెండు రోజుల్లో చెల్లిస్తాం.' అసలు యజమానైతే పంపుతాడు. యాప్‌లో వచ్చినా, లాగిన్ పోయి ఉండవచ్చు కాబట్టి పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే కట్టండి. మోసగాడు గొంతు పెంచుతాడు, ఫోన్లు చేస్తాడు, లేదా 'బిల్లు ఇదిగో' అంటూ ఒక ఫైలు పంపుతాడు. ఫైలు పేరు చివర పీడీఎఫ్ అని కాకుండా ఏపీకే అని ఉంటే ముట్టుకోకండి. అది బిల్లు కాదు, మీ ఎస్సెమ్మెస్‌లూ ఓటీపీలూ చదివే యాప్.

ఆధార్ కాపీ గురించి బెదిరిస్తున్నారు కాబట్టి అధికారిక ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసేయండి. వేలిముద్రతో డబ్బు తీసే మార్గం మూసుకుపోతుంది. ఇకపై ఎక్కడ బస చేసినా చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

ఇంట్లో ఎవరైనా తొందరపడి ఆ క్యూఆర్‌కి ఇప్పటికే కట్టేసి, అది యజమానిది కాదని తేలితే మరుసటి రోజు దాకా ఆగొద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి యూటీఆర్ నంబరు ఇవ్వండి, మీ బ్యాంకుకీ చెప్పండి. ఒకసారి అవతలి ఖాతాలో జమైన యూపీఐ సొమ్మును మీ బ్యాంకు తనంతట తాను వెనక్కి లాగలేదు, ఆ డబ్బు అక్కడ ఉండగానే స్తంభింపజేయడం ఒక్కటే దారి. గంటలు గడిచేకొద్దీ అది నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది. ఆ నంబరు మీద టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, అనుమానాస్పద కాల్స్, సందేశాల కోసం ఉన్న 'చక్షు'లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు, డబ్బు పోకపోయినా.

మరో సంగతి. మీరు బెంగళూరు, మైసూరు మీదుగా వెళ్లి ఉంటే ఆ హైవే మీద వేగం పట్టే కెమెరాలున్నాయి, గరిష్ఠ వేగం గంటకు వంద కిలోమీటర్లు. చలానా పడి ఉంటే అది కూడా నెలల తర్వాత తెలియవచ్చు, నకిలీ చలానా సందేశాలూ ఇదే వరుసలో వస్తాయి. ప్రభుత్వ ఎస్సెమ్మెస్ అయితే పంపినవారి పేరు చివర గీత, తర్వాత జీ అక్షరం ఉంటుంది. దాంట్లోని లింకు నొక్కకుండా, పరివాహన్ ఈ-చలాన్ సైట్‌ను మీరే తెరిచి బండి నంబరు, ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరు చివరి ఐదు అంకెలు కొట్టి చూడండి. పనిలో పనిగా ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కూడా తీసి, ఒకే టోల్‌గేటు దగ్గర రెండుసార్లు కోత పడిందేమో చూసుకోండి. పడి ఉంటే ఆ ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు దగ్గరే ఫిర్యాదు చేయాలి, టోల్‌గేటు దగ్గర కాదు.