స్టీవెన్స్–జాన్సన్ తర్వాత కళ్ళు: కార్నియా కంటే ముందు రెప్పలు చూపించండి

మీ ప్రశ్న చదివాను. అమ్మగారికి ఫిట్స్‌కని ఫెనిటోయిన్ మొదలుపెట్టిన కొద్ది వారాలకే ఒళ్ళంతా బొబ్బలెక్కి తోలు ఊడింది, మందు పడక వచ్చే స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్ అన్నారు, చర్మమైతే మానింది. ఇప్పుడు కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి గుచ్చుకుంటున్నాయి, ఒక డాక్టరు కార్నియా (నల్లగుడ్డు మీదుండే అద్దంలాంటి పొర) మార్చాలన్నారు. రాయగడ నుంచి విశాఖ వెళ్ళాలా, భువనేశ్వరా, హైదరాబాదా అని అడిగారు. ఏ ఊరన్నది తర్వాత చెప్తాను. కార్నియా మార్పిడికి మాత్రం ఇంకో చోట చూపించకుండా ఒప్పుకోకండి.

నేను డాక్టర్ని కాను. మాది పర్లాకిమిడి. మా వదినకు ఇదే జబ్బు వచ్చింది. ముఖంలో నరం నొప్పికి కార్బమజెపైన్ ఇచ్చారు. రెండు వారాలు దాటాక జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం మొదలయ్యాయి. ఇంట్లో పెద్దవాళ్ళు అమ్మవారనుకుని వేపమండలు తెచ్చారు. మర్నాటికి వీపు మీద చెయ్యి వేస్తే తోలు చేతికొచ్చింది. పెద్దాసుపత్రిలో చేర్చాం. అక్కడివాళ్ళు ప్రాణం నిలిపారు, ఆ రుణం తీరేది కాదు. కానీ ఆమె వార్డులో ఉన్నన్నాళ్ళూ కంటి డాక్టరు ఒక్కసారి కూడా రాలేదు.

ఇది చదివే మిగతావాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి. ఈ జబ్బులో మొదటి వారం పది రోజులు కంటికి చాలా ముఖ్యం. అప్పుడే కంటి డాక్టరు వచ్చి చూస్తూ, రెప్పకూ గుడ్డుకూ మధ్య అంటుకుపోయే పొరల్ని విడదీయాలి. తీవ్రంగా ఉంటే కాన్పులో సేకరించిన ఉమ్మనీటి సంచి పొరను శుద్ధిచేసి కంటి మీద పరుస్తారు. ఆ రోజులు దాటాక వేస్తే దానివల్ల వచ్చే ఫలితం బాగా తగ్గిపోతుంది. చర్మం డాక్టరును మీరే అడిగి కంటి డాక్టరును పిలిపించండి.

చర్మం కొద్ది వారాల్లో కొత్తది వచ్చేస్తుంది. కంట్లో అలా కాదు, జబ్బు తగ్గిందని ఇంటికి పంపాక కూడా నష్టం జరుగుతూనే ఉంటుంది. వదిన కొన్ని నెలలకు వెలుతురు చూడలేని స్థితికొచ్చింది. కిటికీకి దుప్పటి కట్టుకుని కూర్చునేది. దగ్గర్లో చూపిస్తే వెంట్రుకలు పీకి పంపేవారు, కొద్ది వారాలకు మళ్ళీ మొలిచేవి. చివరికి విశాఖలో ఒక కార్నియా డాక్టరు పైరెప్పను తిరగేసి ఫొటో తీసి స్క్రీన్ మీద మాకు చూపించారు. రెప్ప అంచు లోపలివైపు తడిగా, నున్నగా ఉండాలి. అక్కడ పొడి చర్మం తెల్లగా గట్టిపడి ఉంది. దాన్ని కెరటినైజేషన్ అంటారట. రెప్ప కొట్టినప్పుడల్లా ఆ అంచు గరుకు కాగితంలా కార్నియాను గీస్తోంది. తడి చేయడానికి కన్నీళ్ళు కూడా సరిగ్గా లేవు.

ఆ రెప్పను అలాగే ఉంచి కొత్త కార్నియా వేస్తే దాన్నీ గీసేస్తుంది. పైగా కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు పుట్టించే స్టెమ్ సెల్స్ నల్లగుడ్డు చుట్టూ అంచులో ఉంటాయి, ఈ జబ్బులో అవీ దెబ్బతింటాయి. అందుకే మామూలు కార్నియా మార్పిడి ఇలాంటి కళ్ళలో ఎక్కువగా నిలవదు. ఒక కన్నే పాడైతే రెండో కంటి నుంచి స్టెమ్ సెల్స్ తెచ్చి వేయొచ్చు. కానీ ఇది సాధారణంగా రెండు కళ్ళనూ పట్టే జబ్బు. కార్నియా కరిగి చిల్లు పడితే కన్ను దక్కించుకోవడానికి అర్జెంటుగా మార్పిడి చేస్తారు, అది వేరే సంగతి. మీ అమ్మగారికి అలాంటిదేమైనా ఉందా, లేక చూపు కోసమే మార్చమన్నారా అన్నది ఆ డాక్టరునే సూటిగా అడగండి.

వదినకు కింది పెదవి లోపలి నుంచి సన్నని పొర తీసి, రెప్ప అంచున గట్టిపడిన భాగం తొలగించి అక్కడ కుట్టారు. పెదవి కొన్నాళ్ళు మండింది, పెరుగన్నంతో గడిపింది. ఆ తర్వాత స్క్లీరల్ లెన్స్ ఇచ్చారు. మామూలు కాంటాక్ట్ లెన్స్ కంటే పెద్దది, తెల్లగుడ్డు మీద ఆనుకుంటుంది. ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో దాన్ని నింపి, రబ్బరు బుడ్డి మీద పెట్టుకుని, ముఖం నేలకేసి వంచి కంటికి ఆనించాలి. లోపల గాలిబుడగ ఉంటే తీసి మళ్ళీ పెట్టుకోవాలి. మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు తనే పెట్టుకుంటోంది. లెన్స్ ఉన్నంతసేపు కార్నియా ఆ నీళ్ళలోనే ఉంటుంది, రెప్ప దాన్ని తాకదు. పూర్వపు చూపు రాలేదు, కానీ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది, దుప్పటి తీసేశాం.

ఇక ఏ ఊరంటే, రెప్పల సర్జరీ, కార్నియా, స్క్లీరల్ లెన్స్ మూడూ ఒకేచోట చూస్తారా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళ సెంటర్ మీ రాయగడలోనే ఉంది, అక్కడ చూపించి రిఫరల్ రాయించుకోండి. వాళ్ళ పెద్దాసుపత్రులు విశాఖ హనుమంతవాకలోనూ, భువనేశ్వర్ పటియాలోనూ, హైదరాబాద్ బంజారాహిల్స్‌లోనూ ఉన్నాయి. చెన్నై శంకర నేత్రాలయలోనూ ఈ జబ్బు బాగా చూస్తారు. నన్నడిగితే ముందు విశాఖ వెళ్ళండి. ఏళ్ళ తరబడి చెకప్‌లుంటాయి, పార్వతీపురం మీదుగా పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. భువనేశ్వర్ వెళ్ళే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కూడా విజయనగరం చుట్టూ తిరిగే వెళ్తుంది. అవసరమైతే హైదరాబాదుకు వాళ్ళే పంపుతారు. మన రేషన్ కార్డులు ఒడిశావి కనక ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) రాదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఈ ఆపరేషన్‌కు చెల్లుతుందా, లెన్స్ ఖర్చు విడిగానా అన్నది కౌంటర్లో ముందే అడగండి.

ఫిట్స్ మాత్రల సంగతి ఇంకా ముఖ్యం. ఫెనిటోయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ మూడూ ఒకే కోవకు చెందినవి, ఒకటి పడకపోతే మిగతా రెండూ ప్రమాదమే. లామోట్రిజిన్‌తోనూ ఈ జబ్బు వస్తుంది. అలాగని ఫిట్స్ మందు మీ అంతట మీరు ఆపేయకండి, న్యూరాలజిస్టు మార్చాలి. ఈ పేర్లు ఒక కార్డు మీద ఇంగ్లీషులో రాసి ఆమె పర్సులో పెట్టండి. ఒడియా డాక్టరైనా తెలుగు డాక్టరైనా చదువుకుంటారు.

ఇంకొకటి, ఆడవాళ్ళు మొహమాటంతో చెప్పరు: ఈ జబ్బులో యోని మార్గంలో కూడా పొరలు అంటుకుపోవచ్చు. అమ్మగారిని ఒకసారి గైనకాలజిస్టుకు చూపించండి.

కంటి చుక్కల విషయానికొస్తే, రోజుకు చాలాసార్లు వేయాలి కాబట్టి ప్రిజర్వేటివ్ లేనివే అడగండి. సీసా మీద బెంజాల్కోనియం క్లోరైడ్ (అది ప్రిజర్వేటివే) అని ఉంటే డాక్టరుకు చూపించి మార్పించండి. ఎరుపు తగ్గుతోంది కదా అని స్టెరాయిడ్ చుక్కలు మెడికల్ షాపులో కొని వాడకండి, కంటి ప్రెషర్ పెరిగి ఉన్న చూపు పోవచ్చు. అమ్మగారు ఇప్పుడేం చుక్కలు వేసుకుంటున్నారో, రెప్ప తిరగేసి ఎవరైనా చూశారో ఇక్కడ రాయండి. విశాఖలో ఎవరిని, ఏం అడగాలో చెప్పడానికి నాకు వీలవుతుంది.