మీ అమ్మ కాలి పట్టీలు చూస్తూ ఉండు

బుజ్జీ,

మీ అమ్మకి జరగబోయే రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కుట్ల గురించీ, గాయంలోంచి కారే నీరు పట్టే డ్రెయిన్ సంచి గురించీ, పథ్యం గురించీ నిన్న ఫోన్‌లో నువ్వు అడిగావు. అవి ఆసుపత్రివాళ్ళే విడమరిచి చెబుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. పక్కనే మీ అమ్మ వింటోంది, టెన్షన్ పడుతుందని ఆగాను.

నాకు రొమ్ము ఆపరేషన్ అయిన పన్నెండో రోజు అది. గాయం చక్కగా మానుతోంది. శుక్రవారమని కాళ్ళకు పసుపు రాసుకుని, ఆపరేషన్‌కి ముందు తీసేసిన పట్టీలు మళ్ళీ పెట్టించుకున్నాను. సాయంత్రానికి ఎడమ కాలి పట్టీ చర్మంలోకి దిగబడి చుట్టూ గీత పడింది. కుడి కాలిది ఎప్పటిలాగే వదులుగా ఉంది. ఎడమ పిక్క బరువుగా ఉంది, చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. పడుకుని పడుకుని నరం పట్టేసిందిలే అనుకున్నాం. కొబ్బరినూనె వెచ్చచేసి రెండు రోజులు పిసికించుకున్నాను. మూడో రోజు నాలుగు మెట్లు ఎక్కేసరికి ఊపిరి ఆడక అక్కడే కూలబడ్డాను. రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్‌లో కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కనబడింది. అందులో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి చేరిందని సీటీ స్కాన్‌లో తేలింది. ఆరు నెలలు రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాను.

నన్ను ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో కాలి గురించి ఒక్క ముక్క లేదు. మాకూ అడగాలని తెలియలేదు. అందరం కుట్లే చూశాం.

రొమ్ముకి కోత పెడితే కాల్లో గడ్డేమిటని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. కదలకుండా పడుకుంటే కాళ్ళల్లో రక్తం నెమ్మదిస్తుంది. కోతలకూ, కీమో కోసం పెట్టే గొట్టాలకూ రక్తనాళాలు దెబ్బతింటాయి. క్యాన్సరే రక్తానికి తొందరగా గడ్డకట్టే గుణం తెస్తుంది. ఈ మూడు కారణాలనూ రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ డాక్టర్ పేరుతో చెప్పుకుంటారట. ఆయన పుట్టినరోజు అక్టోబర్ 13నే ఏటా ప్రపంచ థ్రాంబోసిస్ (రక్తనాళంలో గడ్డకట్టడం) దినంగా జరుపుతారట. రొమ్ము ఆపరేషన్ అయిన అందరికీ ఇలా జరగదు, కొద్దిమందికే జరుగుతుంది. కానీ ఆ కొద్దిమందిలో ఎక్కువగా ఇంటికి వచ్చాకే బయటపడుతుంది. అప్పుడు చూసేది నర్సు కాదు, నువ్వే.

ఆపరేషన్‌కి ముందే డాక్టర్‌కి రెండు సంగతులు తప్పకుండా చెప్పు. ఒకటి, నాకు గడ్డ వచ్చిందని. తోడబుట్టినవాళ్ళకి వస్తే అది వాళ్ళు లెక్కలోకి తీసుకుంటారు. రెండోది నీకు తెలియదు. మీ తమ్ముడు పుట్టినప్పుడు మీ అమ్మకి ఒక కాలు వాచి నెల రోజులు మంచం దిగలేదు. వాతం అన్నారు, పరీక్ష చేసినవాళ్ళు లేరు. అది ఏమిటో ఇప్పుడు ఎవరం చెప్పలేం, కానీ డాక్టర్ చెవిన పడాలి. నెలసరి కోసమో, వేడి ఆవిర్లు తగ్గడానికో హార్మోను మాత్రలు వాడుతుంటే అవీ చెప్పండి.

గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఇస్తారా, ఇస్తే ఎన్ని రోజులు, ఇంటికి వెళ్ళాక కూడానా అని అడుగు. అందరికీ ఇవ్వరు, ఎందుకంటే గాయం లోపల రక్తం కారే ప్రమాదం కూడా వాళ్ళు చూసుకోవాలి. ఇంట్లో పొడవమంటే నర్సు దగ్గర చేసి చూపించుకో. బొడ్డుకి రెండు అంగుళాలు పక్కన చర్మం మడత పట్టుకుని పొడవాలి, తర్వాత ఆ చోటు రుద్దకూడదు. రోజూ వైపు మార్చాలి. ఆ రోజుల్లో మందుల షాపులో నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దు, కొన్నిటితో రక్తస్రావం పెరుగుతుంది.

డాక్టర్ సరేనన్న దగ్గర్నుంచి నడిపించు. చుట్టాలొచ్చి "కదలకు, కుట్లు ఊడతాయి" అంటారు. ప్రేమతోనే అంటారు, వాళ్ళతో వాదించకు. మీ అమ్మ చెయ్యి పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిప్పు. పథ్యమని నీళ్ళు తగ్గించనివ్వకు. మంచం మీద ఉన్నంతసేపూ పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ ఉండమను. హైదరాబాద్ నుంచి ఒంగోలుకి కారులో ఆరేడు గంటలు, గంటకోసారి ఆపి దింపండి.

రోజూ పొద్దున రెండు పిక్కలూ చూడు. దర్జీ టేపుతో మోకాలి కింద ఒకే ఎత్తులో రెండు కాళ్ళూ కొలిచి క్యాలెండర్ మీద రాయి. రెండు కాళ్ళూ సమానంగా కాస్త వాచడం వేరు. ఒక్క కాలే వాచినా, వెచ్చబడినా, నొప్పెట్టినా, కందినా ఆ రోజే డాక్టర్‌కి చూపించు. పొరపాటున కూడా పిసకొద్దు, నూనె రాయొద్దు. కీమో గొట్టం ఉన్న వైపు చెయ్యి ఉన్నట్టుండి వాచినా అంతే. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే గుండెలో పోటు, దగ్గితే రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకు. 108కి ఫోన్ చెయ్యి, ఈమధ్యే ఆపరేషన్ అయిందని ముందే చెప్పు.

తర్వాత టామాక్సిఫెన్ అనే క్యాన్సర్ మాత్రలు రాస్తే, దానివల్లా గడ్డల ప్రమాదం కొంత పెరుగుతుంది. అలాగని మీకు మీరే ఆపేయకండి, క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడేది అదే. నా సంగతి గుర్తుచేసి, వేరే మందు కుదురుతుందా అని అడుగు.

నా దర్జీ టేపు మీ బాబాయితో పంపుతున్నాను. ఆపరేషన్‌కి ముందురోజే ఒకసారి కొలిచి ఆ అంకెలు నాకు ఫోన్‌లో చెప్పు, నేనూ ఇక్కడ రాసిపెట్టుకుంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ