పుట్టుకతో వచ్చిన జీన్లు లింఫోమా రోగి ఆయుష్షు చెబుతాయా?

మీ నాన్నగారికి డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా (బి కణాలనే రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్) అని తేలింది, పెదనాన్న కూడా ఇలాంటి జబ్బుతోనే పోయారు, జీన్ టెస్ట్ చేయిస్తే ఎంతకాలం బతుకుతారో తెలుస్తుందా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. 2019లో మా నాయనకి ఇదే జబ్బు. మాది కావలి దగ్గర పల్లె. ఆ రోజుల్లో నాకూ ఇదే ప్రశ్నతో నిద్ర ఉండేది కాదు.

రిపోర్టులో మిక్, బీసీఎల్2 అని జీన్ల పేర్లు కనిపిస్తే అవి గడ్డలో పుట్టిన మార్పులు, తాతల నుంచి వచ్చినవి కావు. మీరు అడిగేవి వేరు. రోగనిరోధక శక్తిని నడిపే జీన్లలో పుట్టుకతోనే మనిషికీ మనిషికీ ఉండే చిన్న తేడాలు అవి. వాటికీ జబ్బుకీ సంబంధం ఉన్నమాట నిజమే. లింఫోమా పుట్టేదే రోగనిరోధక కణాల్లో కదా. 2007లో అమెరికాలో ఫాలిక్యులర్ లింఫోమా (నెమ్మదిగా పెరిగే ఇంకో రకం) రోగుల్ని 300 లోపు మందిని పరిశీలించి, ఐఎల్-8, ఐఎల్-2, ఐఎల్-12బి, ఐఎల్-1ఆర్ఎన్ అనే రోగనిరోధక జీన్ల రకాన్ని బట్టి ఆయుష్షులో తేడా కనబడిందన్నారు. అది గుంపు మొత్తం మీద లెక్క. మీ నాన్నగారి ఒక్కరి జాతకం కాదు.

నాకు బాగా అర్థమైంది ఎఫ్‌సీజీఆర్3ఏ అనే జీన్. ఈ జబ్బుకి ఎక్కించే రిటుక్సిమాబ్ అనే మందు వెళ్ళి బి కణం మీదున్న సీడీ20 అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. అలా అతుక్కున్న మందుని ఎన్‌కే కణాలనే రోగనిరోధక కణాలు పట్టుకుని ఆ బి కణాన్ని చంపాలి. ఆ పట్టు ఇచ్చేది ఈ జీనే. ఆ జీన్ తయారుచేసే ప్రోటీన్‌లో 158వ చోట వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే పట్టు గట్టిగా ఉంటుంది, ఫినైల్ అలనిన్ ఉంటే కాస్త వదులు. రిటుక్సిమాబ్ ఒక్కటే ఇచ్చిన ఫాలిక్యులర్ రోగుల్లో, తల్లిదండ్రులిద్దరి నుంచీ వాలీన్ వచ్చినవాళ్ళకి మందు బాగా పనిచేసిందని 2002లో ఫ్రాన్స్‌లో చూశారు. ఇది చదివి నాయనకీ ఆ టెస్ట్ చేయిద్దామని చెన్నైలో డాక్టరుగారిని అడిగాను. "వదులు రకమని వస్తే మందు మానేద్దామా?" అన్నారాయన. మానం కదా! పైగా కీమోతో కలిపి ఆర్-చాప్‌గా ఇచ్చినప్పుడు ఆ తేడా కొన్ని పరిశోధనల్లో నిలబడలేదు.

మమ్మల్ని దెబ్బతీసింది ఆలస్యం. గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన బిళ్ల కట్టినట్టు నాయన చేతికి తగిలింది. నొప్పి లేదు. ఒకచోట సూదితో తీసి చూసి టీబీ అన్నారు. రెండు నెలలు ఆ మాత్రలే మింగాడు. ఈలోగా బిళ్ల నిమ్మకాయంత అయింది. గడ్డ మొత్తం తీసి బయాప్సీ చేస్తే గానీ తేలలేదు. ఆ గడ్డ ముక్కలున్న మైనం బ్లాకులు కవర్లో పెట్టుకుని పినాకిని ఎక్కి చెన్నై పోయాం. రిటుక్సిమాబ్ మొదటిసారి ఎక్కిస్తుంటే అరగంటకే పళ్ళు టకటకమనేంత చలి. నర్సమ్మ డ్రిప్ ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, మళ్ళీ నెమ్మదిగా వదిలితే సాయంత్రానికి అయింది. 21 రోజులకోసారి, 6 సార్లు. ఒక్కటి కూడా తప్పనివ్వలేదు.

అందుకే ఆ డబ్బు జీన్ టెస్టుకి పెట్టొద్దంటాను. జబ్బు తీరు అంచనా వేయడానికి డాక్టర్లు చూసేవి వయసు, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్, స్టేజి, లింఫ్ గ్రంథులు దాటి ఎన్ని చోట్లకి పాకింది, మనిషి లేచి తిరుగుతున్నాడా అన్నవి. జీసీబీ రకమా కాదా (గడ్డ ఏ దశలోని బి కణాల నుంచి పుట్టిందో చెప్పే విభజన), మిక్ జీన్‌లో మార్పు ఉందేమో చూసే ఫిష్ టెస్ట్ చేశారా అని అడగండి. రిటుక్సిమాబ్ మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష అయిందో లేదో తప్పకుండా కనుక్కోండి. ఒంట్లో అణిగి ఉన్న ఆ వైరస్ ఈ మందుతో తిరగబెడుతుంది.

ఆరో సైకిల్ ముందు రాత్రి నాయన గోడవైపు తిరిగి పడుకుని, "ఇది నీకు గానీ రాదు గదరా అబ్బయ్యా?" అన్నాడు. అన్ని నెలలూ ఆయన్ని తొలిచింది అదన్నమాట. దగ్గరి బంధువుల్లో ఉంటే అవకాశం కొంచెం పెరుగుతుంది గానీ, ఈ జబ్బు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో ముందు ఎవరికీ లేదు. అదే చెప్పాను. మీ నాన్నగారు అడక్కపోయినా మీరే చెప్పండి.