ఆరు నెలల్లో అనర్గళంగా అంటే ఎన్ని గంటలు? విదేశంలో ఇంటి ట్యూషన్ ఒప్పుకునే ముందు

మీరు రాసినదాన్ని బట్టి పని ఇదీ. విదేశంలో ఒక కుటుంబం. తొమ్మిదేళ్ల పాప, పదిహేనేళ్ల బాబు. ఉండటానికి వాళ్లింట్లోనే గది ఇస్తారు. ఆరు నెలల్లో పాప అచ్చం ఇంగ్లీషువాళ్లలా మాట్లాడాలి, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో (పూర్తి స్కోరు 9) బాబు 5 నుంచి 7.5కు చేరాలి. స్కోరు రాకపోతే చివరి నెల జీతంలో కోత. వారానికి ఆరు రోజులు సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా అందుబాటులో ఉండాలి, ఏడో రోజు ‘అవసరాన్ని బట్టి’. ఒప్పుకోవచ్చా అని అడిగారు.

ఉన్నది ఉన్నట్టుగా అయితే ఒప్పుకోకండి. అలాగని వెంటనే ‘కుదరదు’ అని కూడా రాసెయ్యకండి. ఇలాంటి గొంతెమ్మ కోరికలు కోరే తల్లిదండ్రుల్లో చాలామంది మోసగాళ్లు కారు. భాష రావడానికి ఎన్ని గంటలు పడుతుందో వాళ్లకు ఎవరూ లెక్క చెప్పి ఉండరు, అంతే. ఆ లెక్క మీరే వేసి పంపండి. దానికి వాళ్లిచ్చే జవాబు చూస్తే ఆ ఇంట్లో పనిచెయ్యగలరో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు బాబు సంగతి. ఐఈఎల్‌టీఎస్ 5 అంటే యూరప్ భాషా స్థాయిల్లో (ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు) సుమారుగా బీ1. 7.5 అంటే సీ1. మధ్యలో బీ2 అనే మెట్టు మొత్తం ఉంది. కేంబ్రిడ్జ్ పరీక్షలవాళ్లు చెప్పే అంచనా ప్రకారం మొదటి నుంచి బీ1 చేరడానికి టీచర్ దగ్గర 350 నుంచి 400 గంటలు, సీ1 చేరడానికి 700 నుంచి 800 గంటలు పడుతుంది. అంటే ఈ అబ్బాయికి ఇంకా 350 నుంచి 400 గంటల పాఠం కావాలి, సొంతంగా చదువుకునేది కాక. ఇప్పుడు మీ చేతిలో ఉన్నదెంతో చూడండి. రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులు, ఏడున్నర గంటలు. ఆరు నెలలంటే 26 వారాలు. స్కూలు పరీక్షలు, సెలవులు, జ్వరాలు, చుట్టాలు అన్నీ పోగా 22 వారాలు మిగిలితే అదృష్టం. మొత్తం 165 గంటలు. కావాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఇన్ని గంటల్లో 6 రావడం న్యాయమైన అంచనా, అబ్బాయి కూడా కష్టపడితే 6.5 చాలా మంచి ఫలితం. 7.5 కావాలంటే ఇదే వేగంతో ఏడాది పైమాటే.

పైగా ఈ పరీక్ష పదహారేళ్ల లోపువాళ్లకు రాయించమని నిర్వాహకులే సిఫారసు చెయ్యరు. ఫలితం చెల్లేది రెండేళ్లే. పదిహేనేళ్లకు రాస్తే పదిహేడేళ్లకు దాని గడువు తీరిపోతుంది. యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టే వేళకు ఆ కాగితం పనికిరాకపోవచ్చు. కాబట్టి ‘ఈ స్కోరు ఎక్కడ ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి?’ అని ముందే అడగండి. కచ్చితమైన జవాబు ఉంటే దాన్నిబట్టి పరీక్ష తేదీ పెట్టుకోవచ్చు. జవాబు లేకపోతే 7.5 అనేది ఎవరో బంధువుల పిల్లవాడికి వచ్చిన అంకె అయి ఉంటుంది. అప్పుడు పరీక్ష వాయిదా వేసి భాష మీద పనిచెయ్యమని చెప్పడమే బాబుకు మేలు.

ఎక్కడ ఎంత పెరుగుతుందో కూడా విడదీసి చూపించండి. మొత్తం స్కోరు నాలుగు విభాగాల సగటు. అది పావు దగ్గర ఆగితే పై అరకు, ముప్పావు దగ్గర ఆగితే పై పూర్ణాంకానికి సరిచేస్తారు. ఉదాహరణకు లిజనింగ్ 6.5, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6 అయితే సగటు 6.125, వచ్చేది 6. రీడింగ్ ఒక్కటి 7 అయితే సగటు 6.25, వచ్చేది 6.5. లిజనింగ్, రీడింగ్ సాధనతో త్వరగా కదులుతాయి. రైటింగ్ మాత్రం మొండిది. గంటలో రెండు రాతలు, ఒకటి కనీసం 150 పదాలు, రెండోది 250. రెండో దాని బరువు మొదటిదానికి రెట్టింపు. వాక్యాలు తప్పుల్లేకుండా రావడం, ఆలోచన పేరా పేరాకు ముందుకు సాగడం అనేవి నెలల మీద వచ్చేవి.

స్కోరు మీద జీతం ముడిపెట్టడం వల్ల జరిగే అసలు నష్టం ఇక్కడే కనిపిస్తుంది. కోత భయంతో టీచర్ జవాబులు బట్టీ పట్టిస్తారు. బట్టీ పట్టిన జవాబును పసిగట్టడంలో ఎగ్జామినర్లకు శిక్షణ ఉంటుంది. స్పీకింగ్ మూడో భాగంలో ఊహించని ప్రశ్న ఒక్కటి పడితే అప్పటిదాకా ధారగా మాట్లాడిన పిల్లవాడు తడబడిపోతాడు. అటు స్కోరూ రాదు, ఇటు ఆరు నెలలూ పోతాయి. ఈ మాట తల్లిదండ్రులకు నేరుగా చెప్పండి. కోత తీసెయ్యమనడం మీ జేబు కోసం మాత్రమే కాదని వాళ్లకు అర్థమవుతుంది.

పాప విషయం ఇంకా సున్నితం. ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు వలస వెళ్లి, రోజంతా ఇంగ్లీషు బడిలోనే గడిపే పిల్లలకు కూడా ఆటపాటల మాటలు ధారాళంగా రావడానికి రెండేళ్లు, చదువుకు కావాల్సిన భాష రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని పిల్లల రెండో భాష మీద పనిచేసిన జిమ్ కమ్మిన్స్ పరిశోధనలు చెప్పాయి. రోజుకు ముప్పావు గంట మీతో కూర్చునే పాపకు ఆరు నెలల్లో యాస మారిపోవాలనుకోవడం అన్యాయం. యాస తోటి పిల్లల నుంచి వస్తుంది, టీచర్ నుంచి కాదు. కొత్త భాషలో పిల్లలు మొదట కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు వింటూ మౌనంగా ఉండిపోవడం మామూలే. ఆ కాలంలో లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఇది ముందే చెప్పకపోతే రెండో నెలలోనే ‘ఏమీ రావట్లేదు’ అనే మాట పడుతుంది.

ఇంట్లో తప్పకుండా ఎదురయ్యే సన్నివేశం ఒకటి ఉంది. అతిథులు వస్తారు. పాపను హాల్లోకి పిలిచి ‘ఏదీ, ఆంటీతో ఇంగ్లీషులో మాట్లాడు’ అంటారు. పాప తల దించుకుని గౌను అంచు మెలిపెడుతూ నిలబడుతుంది. ఆ రాత్రి మీకు పిలుపు వస్తుంది. దీనికి విరుగుడు, కొలత మీ చేతిలో ఉంచుకోవడం. మొదటి వారంలోనే బొమ్మల పుస్తకంలో ఒక బొమ్మ ఎంచుకుని, దాని గురించి పాప ఒక నిమిషం చెప్పింది ఫోన్‌లో రికార్డు చెయ్యండి, తల్లిదండ్రుల అనుమతితోనే. నాలుగు వారాలకొకసారి అదే బొమ్మ, అదే నిమిషం. విని మూడే లెక్కపెట్టండి: పూర్తి వాక్యాలు ఎన్ని, మాటకోసం ఆగిపోయింది ఎన్నిసార్లు, సొంత భాషలోకి జారింది ఎన్నిసార్లు. మొదటి రికార్డులో ‘డాగ్... బాల్...’ అన్న పాప మూడో నెలలో ‘కుక్క బంతి వెనక పరుగెత్తుతోంది’ అనే వాక్యం ఇంగ్లీషులో ఆగి ఆగి అయినా పూర్తిచేస్తే, ఆ రెండూ పక్కపక్కన వినిపించాక తల్లికి వేరే రుజువు అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే కేంబ్రిడ్జ్‌వాళ్ల పిల్లల పరీక్షలున్నాయి: స్టార్టర్స్, మూవర్స్, ఫ్లయర్స్. వాటిలో ఫెయిల్ ఉండదు, మార్కుల బదులు ఒక్కో భాగానికి ఐదు షీల్డు గుర్తుల దాకా ఇస్తారు. ఈ వయసుకు అవి సరిపోతాయి.

ఇక పనిగంటలు. వారానికి 30 గంటలు అందుబాటులో ఉండమన్నారు. అందులో పాఠం ఎంత? బాబుకు ఏడున్నర, పాపకు మూడు గంటల ముప్పావు, మొత్తం పదకొండుంపావు. పది పాఠాలకు ఇరవై నిమిషాల చొప్పున తయారీ, మూడు గంటల ఇరవై నిమిషాలు. బాబు రాసిన మూడు వ్యాసాలు దిద్దడానికి ఇంకో గంట. 250 పదాల వ్యాసాన్ని సరిగ్గా దిద్దితే ఇరవై నిమిషాలు పడుతుంది. అన్నీ కలిపి సుమారు పదిహేనున్నర. మిగిలిన పద్నాలుగున్నర గంటల్లోనే గొడవంతా ఉంది. లెక్కల హోంవర్క్, సైన్స్ ప్రాజెక్టు, వాళ్ల నాన్నగారి ఆఫీసు ఉత్తరాలు, పిల్లల్ని ఈతకు తీసుకెళ్లడం అన్నీ మెల్లగా అందులోకి చేరతాయి. తయారీ పగటిపూట చేసుకుంటే అది ఈ ముప్పైకి అదనం అవుతుంది. ‘అందుబాటు’ అనే మాట ఒప్పందంలో ఉండనివ్వకండి. దాని బదులు ఇలా రాయించండి: ‘వారానికి పాఠం 11 గంటల 15 నిమిషాలు, తయారీ, దిద్దుబాటు 4 గంటల 20 నిమిషాలు. ఇంగ్లీషు తప్ప వేరే పని ఏదైనా ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే, అదనపు వేతనంతో.’

ఒప్పందంలో ఇంకా ఉండాల్సినవి: జీతం ఏ తేదీన, ఏ ఖాతాలో పడుతుంది, స్కోరుతో సంబంధం లేకుండా పూర్తి జీతం, 24 గంటల లోపు వాళ్లు రద్దుచేసిన పాఠం జరిగినట్టే లెక్క, వారానికి ఒక పూర్తి సెలవు రోజు, ఏ రోజో పేరుతో సహా, ఇరువైపులా 30 రోజుల నోటీసు, పని ముగిస్తే తిరుగు టికెట్ ఎవరిది, గదికి లోపలి గడియ, తాళంచెవి మీ దగ్గర. బోనస్ ఇస్తామంటే తీసుకోండి, కోత మాత్రం వద్దు. ఒప్పందం రెండు భాషల్లో ఉంటే తేడా వచ్చినప్పుడు ఏది చెల్లుతుందో అడిగి, ఆ ప్రతిని మీరు నమ్మే అనువాదకుడితో చదివించుకోండి.

వీసా మీద రాసిన ఉద్యోగం, మీరు చేసే పని ఒకటేనా అన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది. దేశాన్ని బట్టి ఇదే ఉద్యోగం చట్టబద్ధం కావచ్చు, నేరం కావచ్చు. చైనా 2021 జూలైలో స్కూలు సబ్జెక్టుల ట్యూషన్ వ్యాపారాన్ని కట్టడి చేసింది. ఆ సెప్టెంబరులో ఇంట్లో ఉండి చెప్పే టీచర్లను, ఇంటిపని పేరుతో పెట్టుకునే ట్యూటర్లను కూడా నిషేధంలోకి తెచ్చింది. దక్షిణ కొరియాలో విదేశీ భాషా టీచర్లకిచ్చే ఈ-2 వీసా మీద స్కూల్లో పనిచేసేవాళ్లు విడిగా ఇళ్లకు వెళ్లి ట్యూషన్ చెప్పకూడదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటి ట్యూటర్ అనేది గృహ కార్మికుల జాబితాలో ఉన్న వృత్తే. 2022 నాటి ఆ చట్టం ప్రకారం వారానికి ఒక సెలవు రోజు, రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు వరసగా, ఏడాదికి 30 రోజుల సెలవు ఉండాలి. గుర్తింపు పత్రాలు కార్మికుడి దగ్గరే ఉండాలి. ‘ముందు విజిట్ వీసా మీద రండి, వచ్చాక మారుస్తాం’ అంటే ఏ దేశమైనా సరే బయలుదేరకండి. ఆ వీసా మీద పని చేస్తూ దొరికితే శిక్ష పడేది మొదట మీకే. జీతం ఆపినా ఫిర్యాదు చెయ్యడానికి భయపడాల్సి వస్తుంది.

బేరం ఆడగలిగిన కోరికలు వేరు, ఆడకూడనివి వేరు. స్కోరు, యాస, గంటలు మాట్లాడి సర్దుకోవచ్చు. పాస్‌పోర్టు మా దగ్గర ఉంచుకుంటాం, మొదటి రెండు నెలల జీతం ‘డిపాజిట్’గా ఆపుతాం, ఒంటరిగా బయటికి వెళ్లకూడదు అనేవి అలాంటివి కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే వెట్టిచాకిరీ 11 సంకేతాల్లో పత్రాలు పట్టుకోవడం, జీతం ఆపడం, కదలికలు అడ్డుకోవడం మూడూ ఉన్నాయి. వీటిలో ఒక్కటి వినిపించినా మర్యాదగా వద్దని చెప్పి వదిలెయ్యండి. జీతం ఎంత ఎక్కువైనా సరే.

వాళ్లకు పంపడానికి ఇలా రాయవచ్చు: ‘అయ్యా, అమ్మా, మీరిచ్చిన సమయంలో బాబుకు 165 గంటల పాఠం వీలవుతుంది. ఇన్ని గంటలకు 6 నుంచి 6.5 అనేది నిజాయితీగా చెప్పగల అంచనా. స్కోరుకు నేను హామీ ఇవ్వలేను. గంటలకు, ప్రతి వారం దిద్దిన వ్యాసాలకు, నెల నెలా రాతపూర్వక నివేదికకు హామీ ఇస్తాను. పాప మాట్లాడిన రికార్డింగు నాలుగు వారాలకొకసారి మీకు వినిపిస్తాను. ముందుగా రెండు వారాలు ఆన్‌లైన్‌లో, వేతనంతో, ఇద్దరికీ పాఠాలు చెబుతాను. ఆ తర్వాత మీరూ నేనూ నిర్ణయించుకుందాం.’

ఆ రెండు వారాల్లో మొదటి రోజే బాబుకు ఒక పూర్తి నమూనా పరీక్ష పెట్టండి, గడియారం చూసి. వాళ్లు చెప్పిన 5 నిజంగా 5 అవునో కాదో అప్పుడు తేలుతుంది. 4.5 వస్తే పైన వేసిన లెక్కంతా మళ్లీ వేసి, మారిన అంకెలతో ఒప్పందం సరిచేసి, సంతకాలయ్యాకే టికెట్ సంగతి మాట్లాడండి.