తాతగారి వాల్వ్ చూసి బయోమెడికల్ అంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మా నాన్నగారికి గుండెలో మెటల్ వాల్వ్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ టెస్టుకి అమ్మాయే తీసుకెళ్తుంది. ‘మాత్ర అక్కర్లేని వాల్వ్ చేస్తా, బయోమెడికల్‌లో చేరతా’ అంటోంది. సీఎస్ఈ ఏఐ అయితే త్వరగా సెటిలవుతుందని మేం. ఏది మంచిది?
- ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ఆలస్యం అవుతుందండీ, దాచను. బీటెక్, ఎంటెక్, ఆపైన పీహెచ్‌డీ కలిపితే పదేళ్ల పైమాటే. కాకపోతే గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే స్టైపెండ్ వస్తుంది, పీహెచ్‌డీకీ ఫెలోషిప్ ఉంటుంది. పొలం అమ్మాల్సిన చదువు కాదు.

ఏఐ సీటు మీద నాకు అనుమానాలున్నాయి. పక్కింటబ్బాయి చేరాడని చేరినవాళ్లు మూడో ఏడాదిలో ‘కోడింగ్ ఎక్కట్లేదు సార్’ అంటూ నా దగ్గరికే వస్తారు. కాలేజీ బోర్డు మీద ఏఐ అని రాసినంత మాత్రాన లోపల పాఠం చెప్పేవాళ్లు మారిపోరు. ఇష్టమున్న పిల్లలకి అది బంగారం లాంటి బ్రాంచే. మీ అమ్మాయి ఇష్టం ఏమిటో మీరే రాశారు, మళ్లీ నన్ను అడుగుతున్నారు! తాతను టెస్టుకి తీసుకెళ్లడానికి పనికొచ్చిన పిల్ల, తన చదువు తను ఎంచుకోడానికి పనికిరాదా?

ఇక ఆమె అడుగుతున్న పని. బయటి వస్తువు ఏది రక్తంలో పెట్టినా క్షణాల్లో ప్రొటీన్లు దానికి అంటుకుంటాయి, వాటి మీద ప్లేట్‌లెట్లు (గడ్డకట్టించే రక్తకణాలు) చేరతాయి, గడ్డ మొదలవుతుంది. ఆ మొదటి పొరను అంటనివ్వని పూతల కోసం పరిశోధనలు జరుగుతున్నాయి. వాల్వ్‌లో తెరుచుకుని మూసుకునే బిళ్లను డిస్క్ అంటారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థ వాళ్లు నీలం రాయితో చేసిన డిస్క్ పెట్టి చూశారు, నిలవలేదు. చివరికి పాలిథిలిన్ అనే ఒక రకం ప్లాస్టిక్ డిస్క్‌తో 1990 డిసెంబరులో మొదటి రోగికి వాల్వ్ అమర్చారు. దానికీ మాత్ర తప్పలేదు. అంటే మీ అమ్మాయికి పని మిగిలే ఉంది.

బయోమెడికల్ అనే పేరు కోసం ఏదో ఒక కాలేజీలో చేర్చకండి. చిన్నచోట్ల అది ఆస్పత్రి మిషన్ల రిపేరు దగ్గరే ఆగిపోవచ్చు. వాల్వ్ పూతలకీ లోహాలకీ పునాది వేసే కెమికల్ గానీ మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్) గానీ మంచి కాలేజీలో వస్తే తీసుకోండి, వరంగల్ ఎన్ఐటీలో రెండూ ఉన్నాయి. అక్కణ్నుంచి ఎంటెక్‌లో ఇటు మళ్లొచ్చు. ఆప్షన్లు పెట్టే రోజు మౌస్ మాత్రం అమ్మాయి చేతిలోనే ఉండనివ్వండి.